దర్శకత్వానికి ఎడిటింగ్ దారి

దర్శకుడు కావాలనుకునేవాళ్లు ముందు వెతుక్కునేది అసిస్టెంట్ డైరెక్టర్ ఛాన్సే. ఫిలింనగర్‌లో ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లలో ఎడిటింగ్ రూం తలుపు తట్టేవాళ్లు తక్కువ. నన్నడిగితే దర్శకత్వం నేర్చుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. తీసిందేమిటో, తీయాల్సి ఉండీ తీయనిదేమిటో అక్కడ తేటతెల్లమైపోతుంది.

ఓ సన్నివేశం అనుకోండి. కూతురు తండ్రితో ‘ఈ పెళ్లి నాకొద్దు నాన్నా’ అంటుంది. తండ్రి కోపంగా బదులిస్తాడు. రషెస్‌లో, అంటే తీసిన ముడి ఫుటేజీలో, ఇద్దరి డైలాగులూ బాగానే ఉన్నాయి. కానీ ఆ మాట చెవిన పడిన క్షణంలో తండ్రి ముఖం ఎలా ఉందో ఎక్కడా లేదు. అది లేకపోతే ఆయన కోపం ఊరికే వచ్చినట్టుంటుంది. అప్పుడు ఎడిటర్ టేకులన్నీ మొదటి నుంచి చివరిదాకా తిరగేస్తాడు. ఒక టేకులో, ‘యాక్షన్’ అనకముందు, నటుడు తనలో తాను సిద్ధమవుతూ తల వంచుకున్న ముక్క దొరుకుతుంది. రెండు సెకన్లు, అంటే 48 ఫ్రేములు. సీను నిలబడిపోతుంది. ఇలాంటివి పది చూసినవాడు రేపు సెట్లో డైలాగ్ అయిపోగానే ‘కట్’ అనడు.

హిందీ దర్శకుడు హృషికేశ్ ముఖర్జీ ఇలా ఎదిగినవారే. దర్శకుడు బిమల్ రాయ్ తీసిన ‘దో బిఘా జమీన్’ (1953)కు ఎడిటర్ ఆయన. 1957లో ‘ముసాఫిర్’తో దర్శకుడయ్యాక కూడా, 1958లో వచ్చిన బిమల్ రాయ్ ‘మధుమతి’ని ఆయనే ఎడిట్ చేశారు. ‘ఆనంద్’ (1971)కు దర్శకత్వమూ ఎడిటింగూ రెండూ ఆయనవే. పుణె ఫిలిం ఇన్‌స్టిట్యూట్‌లో ఎడిటింగ్ చదివిన రాజ్‌కుమార్ హిరానీ ‘మిషన్ కశ్మీర్’ (2000)ను ఎడిట్ చేసి, 2003లో ‘మున్నాభాయ్ ఎంబీబీఎస్’ తీశారు. తెలుగులో ‘గూఢచారి’, ‘ఎవరు’ సినిమాల ఎడిటర్ గ్యారీ బీహెచ్ 2023లో ‘స్పై’కి దర్శకత్వం వహించారు. మలయాళ ఎడిటర్ మహేశ్ నారాయణన్ ‘టేకాఫ్’ (2017) తర్వాత, కరోనా రోజుల్లో ‘సీ యూ సూన్’ తీశారు. కథంతా ఫోన్, కంప్యూటర్ తెరల మీదే నడుస్తుంది. ఏ తెర ఎప్పుడు కనపడాలన్నదే అందులో కథనం. ఎడిటింగ్ నెత్తురులో ఉన్నవాడికే అలాంటి సినిమా తడుతుందని నా నమ్మకం.

ఈ దారిలో చేరేదెలా? డిగ్రీ ఉంటే పుణె ఫిలిం ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ), కోల్‌కతా సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ ప్రవేశ పరీక్షలు రాయొచ్చు. రెండు చోట్లా ఎడిటింగ్ ప్రత్యేకంగా చెబుతారు. హైదరాబాద్‌లో అన్నపూర్ణ కాలేజీలో సినిమా కోర్సులున్నాయి. ఫీజు కట్టే స్తోమత లేకపోతే ఆగిపోవద్దు. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్‌తో ఇంట్లోనే చెయ్యి తిరిగేలా సాధన చేసి, ఎడిటర్ దగ్గర అసిస్టెంట్‌గా చేరండి. మొదట్లో ఇచ్చే పని డేటా కాపీ చేయడం, క్లాప్ చూసి సౌండ్ కలపడం, టేకులకు పేర్లు పెట్టి సర్దడం. విసుగ్గా ఉంటుంది. కానీ ఒక సినిమా ఫుటేజీ మొత్తం, వదిలేసిన టేకులతో సహా, చూసే అవకాశం యూనిట్‌లో ఇంకెంతమందికి దొరుకుతుంది?

ఈ దారికి ఒక లోటుంది. ఎడిటర్‌కు నటులతో మాట్లాడే అలవాటుండదు. పొద్దు వాలిపోతుంటే మిగిలిన మూడు షాట్లలో ఏది వదులుకోవాలో తేల్చుకోవాల్సిన ఒత్తిడీ తెలియదు. అందుకే మీరు పనిచేసే సినిమా షూటింగ్‌కు వీలైనప్పుడల్లా వెళ్లండి. రాయడం మానొద్దు. ఐదు నిమిషాల షార్ట్‌ఫిలిం ఒకటి సొంతంగా తీసి, ఎడిట్ చేసి పక్కన పెట్టండి. అదే ఫుటేజీని స్నేహితుడికిచ్చి, కథ చెప్పకుండా కట్ చేయమనండి. ఎంతో కష్టపడి తీశామని మీరు వదల్లేకపోయిన షాటును అతను నిర్దాక్షిణ్యంగా తీసేస్తాడు. రెండు కట్లూ పదిమందికి వేసి చూపించి, ఎవరు ఎక్కడ ఫోన్ తీశారో గమనించండి.

ఇక డబ్బు. మొదటి ఏళ్లలో జీతం తక్కువ, సకాలంలో రాదు. చాలామంది యాడ్స్, వెబ్ సిరీస్, పెళ్లి వీడియోలతో నెట్టుకొస్తారు. అందులో నామోషీ ఏమీ లేదు. పనిలో దిగేముందే నెలకెంత, టైటిల్స్‌లో పేరు ఏ హోదాతో వేస్తారు అన్నవి అడిగి, కనీసం ఒక మెసేజ్‌లోనైనా రాయించుకోండి. రేపు నిర్మాతకు కథ చెప్పడానికి వెళ్లినప్పుడు ఇంతకుముందు ఏం చేశావని అడిగితే, చూపించుకోవడానికి పనికొచ్చేది ఆ పేరే.