పాత జిప్సీకి ఇగ్నిషన్ భాగాలు: తక్కువ ఖర్చుతో సరైన ఎంపిక

పాఠం – 17

17.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– పెట్రోలు ఇంజిన్‌లో నిప్పురవ్వ ఎలా పుడుతుందో చెప్పగలుగుతారు.
– చెడిన భాగం ఏదో క్రమపద్ధతిలో కనిపెట్టగలుగుతారు.
– ఏ భాగాన్ని కొత్తది కొనాలో, ఏది పాతదైనా పనికివస్తుందో నిర్ణయించగలుగుతారు.
– రెండు వస్తువుల ధరలను వాటి మన్నికతో కలిపి పోల్చగలుగుతారు.

17.2 పరిచయం

కోల్‌కతాకు దిగువన, హుగ్లీ నది ఒడ్డున బడ్జ్ బడ్జ్ పట్టణం ఉంది. అక్కడ జనపనార మిల్లులు, పెట్రోలియం నిల్వ కేంద్రాలు ఉన్నాయి. హుగ్లీ తీరంలోని మిల్లుల్లో పనికోసం గంజాం, ఉత్తరాంధ్ర ప్రాంతాల నుంచి ఒకప్పుడు ఎన్నో తెలుగు కుటుంబాలు తరలివెళ్లాయి.

ఆ ఊళ్లో ఒక కుటుంబం తమ చిన్న దుకాణానికి సరుకులు తెచ్చుకోవడానికి పాత మారుతి జిప్సీని వాడుతోందనుకోండి. వానాకాలం వచ్చింది. ఉదయంపూట బండి తొందరగా స్టార్ట్ కావడం లేదు. స్టార్ట్ అయినా కుదుపులతో నడుస్తోంది. మెకానిక్కుల మాటలో చెప్పాలంటే “మిస్సింగ్ కొడుతోంది”. ఒకరు కాయిల్ మార్చమన్నారు. మరొకరు అన్నీ మార్చమన్నారు. అందరి మాటా వింటే దుకాణంలో సరుకు కొనడానికి ఉంచిన డబ్బు బండికే చాలదు. అప్పుడు ఏం చేయాలి? ఈ పాఠంలో తెలుసుకొందాం.

జిప్సీ 1985లో మన మార్కెట్లోకి వచ్చింది. మొదటి బండ్లలో 970 సి.సి. ఇంజిన్ ఉండేది. 1996లో 1.3 లీటర్ల ఇంజిన్‌తో జిప్సీ కింగ్ వచ్చింది. 2000లో కార్బరేటర్ పోయి ఇంజెక్షన్ పద్ధతి వచ్చింది. కాబట్టి “జిప్సీ పార్టు” అని అడిగితే చాలదు. ఏ సంవత్సరం బండి, ఏ ఇంజిన్ అనేవి కూడా చెప్పాలి. ఈ పాఠం కార్బరేటర్ ఉన్న పాత జిప్సీల గురించి.

గమనిక: టాటా సుమో, బొలెరో వంటి డీజిల్ బండ్లలో స్పార్క్ ప్లగ్గులు ఉండవు. డీజిల్ ఇంజిన్‌లో ఇంధనం గాలి ఒత్తిడి వల్ల పుట్టే వేడికే అంటుకొంటుంది.

17.3 నిప్పురవ్వ ప్రయాణం

బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు మాత్రమే. ప్లగ్గు కొనల మధ్య ఖాళీని దాటి రవ్వ దూకడానికి అది చాలదు. ఇగ్నిషన్ కాయిల్ ఆ 12 వోల్టులను వేల వోల్టులకు పెంచుతుంది. కాయిల్ నుంచి ఆ విద్యుత్తు మధ్య తీగ ద్వారా డిస్ట్రిబ్యూటర్‌కు చేరుతుంది. లోపల తిరిగే రోటర్ దానిని వరుస ప్రకారం ఒక్కొక్క సిలిండరుకు పంచుతుంది. అక్కడి నుంచి ప్లగ్గు తీగలు దానిని ప్లగ్గులకు చేరుస్తాయి.

ఈ పని ఎంత వేగంగా జరుగుతుందో చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక్కసారి తిరిగితే రెండు రవ్వలు కావాలి. నిమిషానికి 3,000 సార్లు తిరిగితే 6,000 రవ్వలు, అంటే సెకనుకు 100. ఇందులో నాలుగో వంతు తప్పిపోయినా బండి కుదుపుతుంది. కాలని పెట్రోలు పొగగొట్టం గుండా బయటికి పోతుంది. ఇంధనం వృథా అవుతుంది, బండి కాలుష్య పరీక్షలో కూడా తప్పవచ్చు.

వానాకాలంలోనే ఈ బాధ ఎక్కువ ఎందుకు? డిస్ట్రిబ్యూటర్ మూతలో సన్నని పగులు ఉంటే అక్కడ తేమ చేరుతుంది. విద్యుత్తు ప్లగ్గుకు పోకుండా ఆ తేమ మీదుగా పక్కదారి పడుతుంది. ఆ దారి క్రమంగా నల్లటి గీతగా మారుతుంది. పాతబడి పెళుసెక్కిన తీగల్లోనూ ఇదే జరుగుతుంది. రాత్రి చీకట్లో ఇంజిన్ నడుస్తుండగా, దేనినీ తాకకుండా చూస్తే, కారుతున్న చోట నీలిరంగు మెరుపులు కనిపిస్తాయి.

పాఠ ప్రశ్నలు – 1
1. కాయిల్ చేసే పని ఏమిటి?
2. ఇంజిన్ నిమిషానికి 1,500 సార్లు తిరిగితే సెకనుకు ఎన్ని రవ్వలు కావాలి?

17.4 చెడింది ఏది?

ఇగ్నిషన్ భాగాలు రెండు రకాలు. కాయిల్, మధ్య తీగ, రోటర్ అన్ని సిలిండర్లకూ ఉమ్మడి భాగాలు. ప్లగ్గు, ప్లగ్గు తీగ ఒక్కొక్క సిలిండరుకు విడి భాగాలు. మూత రెండు పనులూ చేస్తుంది. ఒక్క సిలిండరే పని చేయకపోతే ముందు విడి భాగాలను, మూతలో ఆ సిలిండరు వైపును చూడాలి. అన్నీ తడబడుతుంటే ఉమ్మడి భాగాలను అనుమానించాలి. అప్పుడు పెట్రోలు సరిగా అందుతోందో లేదో కూడా చూసుకోవాలి.

ఒక తెలుగు మెకానిక్‌కూ, ఆయన దగ్గర పని నేర్చుకొంటున్న కుర్రవాడికీ జరిగిన ఈ సంభాషణ చదవండి.

కుర్రవాడు: బాబాయ్, రెండో సిలిండరు పని చేయడం లేదు. సెట్టు మొత్తం తెచ్చేయమంటావా?
మెకానిక్: ఆగరా. కాయిల్ చెడితే రెండోది ఒక్కటే ఆగుతుందా?
కుర్రవాడు: అది అన్నింటికీ ఒక్కటే కదా. అన్నీ ఆగాలి.
మెకానిక్: మరి? రెండో ప్లగ్గు తీసి మూడో దాంట్లో పెట్టు. మూడోది తెచ్చి రెండో దాంట్లో పెట్టు.
కుర్రవాడు: పెట్టాను బాబాయ్. ఇప్పుడు మూడోది ఆగింది!
మెకానిక్: చూశావా, జబ్బు ప్లగ్గుతోనే వెళ్లింది. ఇక కొనాల్సింది ఏమిటో నువ్వే చెప్పు.

ప్లగ్గు మార్చినా జబ్బు రెండో సిలిండరులోనే ఉండిపోతే ఆ తీగనూ మూతనూ పరీక్షించాలి. అవీ బాగుంటే లోపం వాల్వులలో ఉండవచ్చు. అప్పుడు ఎన్ని ఇగ్నిషన్ భాగాలు కొన్నా ప్రయోజనం లేదు. ఒకసారి ఒక్క భాగాన్నే మార్చి చూడటం ఈ పరీక్షలో ముఖ్యమైన నియమం. రెండూ ఒకేసారి మారిస్తే చెడింది ఏదో తెలియదు.

హెచ్చరిక: తీగలు, ప్లగ్గులు ఇంజిన్ ఆపిన తరువాతే విప్పాలి. పెట్రోలు ఆవిరి ఉన్న చోట రవ్వ పరీక్ష చేయరాదు. పెట్రోలు బంకులు, ట్యాంకర్లు ఆగే స్థలాలు, నిల్వ కేంద్రాల పరిసరాలు ఇందుకు పనికిరావు.

17.5 బజారుకు వెళ్లే ముందు

పాత భాగాన్ని విప్పి శుభ్రం చేసి వెంట తీసుకొనివెళ్లండి. దాని మీద ఉన్న నంబరును కాగితం మీద రాసుకోండి. మారుతి భాగాల నంబరులో మొదటి ఐదు అంకెలు అది ఏ రకం భాగమో తెలుపుతాయి. గీత తరువాత ఉన్నవి ఏ మోడలుదో తెలుపుతాయి. మొదటి ఐదూ కలిసినంత మాత్రాన ఆ భాగం మీ బండికి సరిపోతుందని అనుకోవద్దు.

కంపెనీల పేర్లు మారుతుంటాయి. పాత మెకానిక్కులు “మైకో ప్లగ్గు” అంటారు. 1951లో మొదలైన మైకో కంపెనీ 2008లో బాష్ అని పేరు మార్చుకొంది. పాత పేరుతో దొరకకపోతే కొత్త పేరుతో అడగండి.

బడ్జ్ బడ్జ్ నుంచి సియాల్దా వెళ్లే లోకల్ రైలు పార్క్ సర్కస్ మీదుగా వెళుతుంది. పాత మోటారు భాగాలకు పేరుపొందిన మల్లిక్ బజార్ అక్కడికి దగ్గరే. మన రాష్ట్రంలో విజయవాడ ఆటోనగర్ అలాంటిదే. ఇటువంటి చోట్ల రెండు మూడు దుకాణాల్లో ధర అడగకుండా కొనవద్దు. అలాగే కంపెనీ డీలరు దగ్గర ధర కనుక్కోకుండా బయలుదేరవద్దు. చిన్న భాగాలకు ఆ తేడా ఒక్కోసారి రైలు టిక్కెట్టుకు కూడా సరిపోదు.

17.6 కొత్తదా, పాతదా?

కొత్తవే కొనవలసినవి: ప్లగ్గులు, తీగలు, రోటర్, మూత, మీ బండిలో ఉంటే పాయింట్లు, కండెన్సర్. ఇవి వాడకంతో అరిగిపోయే వస్తువులు. ఇంకొకరి బండిలో అరిగినదాన్ని కొంటే కొద్ది రోజులకే మళ్లీ బజారుకు వెళ్లాలి.

పాతదైనా చూసి కొనదగినది: డిస్ట్రిబ్యూటర్ బాడీ. ఇరుసును వేళ్లతో పక్కలకు కదిపి చూడండి. అది లొడలొడలాడితే వదిలేయండి.

జాగ్రత్తగా ఆలోచించవలసినది: పాత కాయిల్. చల్లగా ఉన్నప్పుడు చక్కగా రవ్వ ఇచ్చి, వేడెక్కాక ఆగిపోయే కాయిళ్లు ఉంటాయి. దుకాణంలో ఒక్క నిమిషం చూపించే పరీక్షలో ఈ లోపం బయటపడదు. వాపసు తీసుకొంటామని రాసి ఇస్తేనే కొనండి.

కొత్త భాగానికి బిల్లు తప్పక తీసుకోండి. నకిలీ పెట్టెల మీద అచ్చు మసకగా, అక్షరదోషాలతో ఉండవచ్చు. మోసపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. పాత భాగాలకు కూడా రసీదు అడగండి. దొంగసొత్తు అని తెలిసి కొనడం నేరం.

17.7 చవక అంటే ఏమిటి?

ఒక రకం తీగల సెట్టు ధర 400 రూపాయలు, 5 నెలలు మన్నుతుంది. మరో రకం ధర 1,200 రూపాయలు, 30 నెలలు మన్నుతుంది. (ఇవి లెక్క కోసం తీసుకొన్న అంకెలు.)

మొదటిదానికి నెలకు ఖర్చు: 400 ÷ 5 = 80 రూపాయలు.
రెండోదానికి నెలకు ఖర్చు: 1,200 ÷ 30 = 40 రూపాయలు.

చూడటానికి మూడు రెట్లు ఖరీదైన సెట్టు వాడకంలో సగం ఖర్చుకే వచ్చింది. అయితే బండి ఇంకా ఎన్నాళ్లు నడుస్తుందో కూడా ఆలోచించాలి. సొంత వాహనానికి 15 సంవత్సరాలు నిండితే ఫిట్‌నెస్ పరీక్ష చేయించి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలి. పాత బండ్ల విషయంలో నియమాలు అన్ని నగరాల్లో ఒకేలా లేవు. పెద్ద మొత్తం ఖర్చుపెట్టే ముందు రవాణా కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

17.8 సారాంశం

– బండి సంవత్సరం, ఇంజిన్ రకం, భాగం నంబరు తెలియకుండా ఏదీ కొనరాదు.
– ఒక సిలిండరు ఆగితే విడి భాగాలను, అన్నీ తడబడితే ఉమ్మడి భాగాలను ముందు చూడాలి.
– ఒకసారి ఒక్క భాగాన్నే మార్చి పరీక్షించాలి.
– అరిగే భాగాలు కొత్తవే కొనాలి.
– అవసరం లేని భాగం ఎంత తక్కువ ధరకు దొరికినా చవక కాదు.

17.9 అభ్యాసం

1. వాన పడిన రోజు మాత్రమే బండి మిస్సింగ్ కొడుతోంది. మీరు మొదట ఏ రెండు భాగాలు చూస్తారు? ఎందుకు?
2. అరగంట నడిచాక ఇంజిన్ ఆగిపోతోంది. చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతోంది. ఇగ్నిషన్ భాగాలలో దేనిని అనుమానించాలి?
3. మీ ఊళ్లోని మెకానిక్‌ను కలిసి, పాత భాగాలలో ఆయన ఏవి కొంటారో, ఏవి కొనరో అడిగి ఐదు వాక్యాలు రాయండి.

పాఠ ప్రశ్నలు – 1: జవాబులు
1. 12 వోల్టులను వేల వోల్టులకు పెంచడం. 2. యాభై.

అభ్యాసం: జవాబులు
1. మూత, ప్లగ్గు తీగలు. పగుళ్లలో తేమ చేరి విద్యుత్తు పక్కదారి పడుతుంది. 2. కాయిల్‌ను. 3. సొంతంగా రాయండి.