మగబిడ్డ ఎవరి చలవ?

"ఆడపిల్లల్నే కంటోంది" అని కోడల్ని ఆడిపోసుకోవడం మన పల్లెల్లో కొత్తకాదు. ఆ వంకతో రెండో పెళ్ళికి సిద్ధపడ్డ మగవాళ్ళూ ఉన్నారు. జీవశాస్త్రం చెప్పేది వేరు. తల్లి అండంలో ఉండేది ఎక్స్ క్రోమోజోమే. తండ్రి వీర్యకణాల్లో సగానికి ఎక్స్, సగానికి వై. వై కలిస్తే మగబిడ్డ. పిండిలో పెరిగే పురుగుల్ని పరిశీలించి 1905లో ఈ సంగతి పట్టింది నెటీ స్టీవెన్స్ అనే స్త్రీ! ఏ కణం కలుస్తుందన్నది తండ్రి చేతిలోనూ లేదు. కాబట్టి మీసం మెలెయ్యడానికీ లేదు, నింద వెయ్యడానికీ లేదు.

మరి కొడుకే ఎందుకు? అరక కట్టాలి, పొలం నిలబెట్టాలి, తలకొరివి పెట్టాలి అంటారు. తలకొరివి గురించి పెద్దలతో వాదించలేను గాని, అరక సంగతి నాకు తెలుసు. దుక్కి నాన్నదైతే నాట్లు, కలుపు అమ్మవి. ఇప్పుడు దుక్కి ట్రాక్టరు చేస్తోంది. అమ్మ నడుం మాత్రం ఇంకా వంగే ఉంది.

పొలమంటారా? 1985 సెప్టెంబరు నుంచే మన రాష్ట్ర చట్టం, అప్పటికి పెళ్ళికాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా భాగమిచ్చింది. 2005లో కేంద్ర చట్టం పెళ్ళయిన కూతుళ్ళకూ ఇచ్చింది. అయినా మొన్న వేసవిలో నాన్న పొలమంతా నా పేర రాస్తానన్నాడు. "అక్క వాటా?" అన్నాను. "కట్నం ఇచ్చాంగా!" అన్నాడు. నేను వద్దన్నాను. అప్పట్నుంచీ ఇద్దరికీ సరిగా మాటల్లేవు.