జనరేటర్‌తో కరెంటు కారుకు ఛార్జింగ్ - లాభమా? నష్టమా?



2001లో బెంగళూరులో తయారైన రేవా కారు రోడ్డెక్కినప్పుడు కరెంటు కారు అంటే ఒక వింత. ఇప్పుడు కరెంటు బండ్లు మన పల్లెల దాకా వచ్చాయి. దాంతో కొందరికి ఒక ఆలోచన పుట్టింది. పెళ్లిళ్లకు, తిరునాళ్లకు పెట్టే చిన్న పెట్రోలు జనరేటర్‌తో కార్లకు ఛార్జింగ్ చేస్తే బతుకుదెరువు దొరకదా అని. అప్పు చేసే ముందు లెక్క చూద్దాం.

లెక్క: 2020లో వచ్చిన టాటా నెక్సాన్ కరెంటు కారు బ్యాటరీ 30.2 యూనిట్లది. ఛార్జింగ్‌లో కొంత వృథా అవుతుంది కాబట్టి ఖాళీ బ్యాటరీ నిండాలంటే సుమారు 34 యూనిట్లు కావాలి. చిన్న జనరేటర్ లీటరు పెట్రోలుకు సుమారు 2 యూనిట్లు ఇస్తుంది. అంటే 17 లీటర్లు! రెండు కిలోవాట్ల జనరేటర్ అయితే 17 గంటలు ఆగకుండా తిరగాలి. ఆ ఛార్జింగ్‌తో కారు సుమారు 200 కిలోమీటర్లు పోతుంది. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారు అదే 17 లీటర్లతో 255 కిలోమీటర్లు పోతుంది. లీటరు వంద రూపాయలనుకున్నా జనరేటర్ యూనిట్‌కు పెట్రోలు ఖర్చే 50 రూపాయలు. ఇంటి కరెంటు యూనిట్ ధర పది రూపాయల లోపే. ఇక గిరాకీ ఎవరు వస్తారు?

వృథా ఎక్కడ?: శక్తిని సృష్టించలేం, నాశనం చేయలేం, రూపం మాత్రమే మార్చగలం అని మనం చదువుకున్నదే. లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. మిగతా 7 యూనిట్లు వేడిగా, పొగగా, చప్పుడుగా పోతాయి. ఓటి బిందెతో నీళ్లు మోసినట్టు, చేయి మారిన ప్రతిసారీ కొంత కారిపోతుంది.

మన మండలంలోని పెద్ద జనరేటర్: కలమల్ల దగ్గరి రాయలసీమ థర్మల్ కేంద్రం కూడా ఇంధనం కాల్చే జనరేటరే. దాని సామర్థ్యం 1650 మెగావాట్లు. అటువంటి కేంద్రాల్లో బొగ్గు శక్తిలో మూడో వంతు కరెంటుగా మారుతుంది. తీగల్లో పోయింది పోను సుమారు 30 శాతం ఇంటికి చేరుతుంది. చిన్న జనరేటర్ ఇచ్చేది 20 శాతం పైచిలుకు మాత్రమే. పూర్వపు కర్నూలు జిల్లాలోని గని, శకునాల దగ్గర 2017లో ప్రారంభమైన 1000 మెగావాట్ల సోలార్ పార్కుకైతే ఇంధనమే అక్కరలేదు.

ప్రాణాపాయాలు:
1. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన లేవు. అది రక్తంలో ఆక్సిజన్ చోటును ఆక్రమిస్తుంది. గదిలో, వరండాలో, కిటికీ పక్కన జనరేటర్ నడపరాదు.
2. జనరేటర్ తీగను ఇంటి ప్లగ్గులో గుచ్చితే కరెంటు వెనక్కి పారి, ట్రాన్స్‌ఫార్మర్‌లో 11 వేల వోల్టులుగా మారవచ్చు. కరెంటు లేదనుకొని స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది.
3. ఎర్త్ సరిగా లేకపోతే చాలా కార్లు ఛార్జింగ్ తీసుకోవు. అది మన రక్షణ కోసమే. దాన్ని ఏమార్చే కిటుకులు చేయకండి, తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

మరి పనికి రాదా?: ఆపదలో పనికొస్తుంది. ముద్దనూరు దారిలో బ్యాటరీ అయిపోయి ఇంకా 20 కిలోమీటర్లు పోవాలంటే దాదాపు మూడున్నర యూనిట్లు చాలు. రెండు లీటర్ల లోపు పెట్రోలు, రెండు గంటల లోపు సమయం. అయితే కారు ఛార్జర్ లాగే కరెంటును జనరేటర్ మోయగలదో లేదో ముందే చూసుకోవాలి. ఆపదకు జనరేటర్ మంచిదే, వ్యాపారానికి మాత్రం కాదు.

తమ్ముళ్లూ, మీకొక లెక్క: 7 యూనిట్ల బ్యాటరీ గల ఆటోను ఇంటి కరెంటుతో ఒకసారి, జనరేటర్‌తో ఒకసారి నింపితే ఖర్చెంత? మన ఊరి పెట్రోలు ధర, మీ ఇంటి కరెంటు బిల్లు చూసి మీరే వేయండి. ఇంట్లో ఎవరైనా అప్పు చేయాలనుకుంటుంటే ఆ కాగితం వారికి చూపించండి.