పరిశ్రమల రాయితీలపై ఆడిట్ పరిధి

ప్రశ్న: ప్రభుత్వ రాయితీ పొందిన సంస్థ పద్దులను ఆడిట్ అధికారులు తనిఖీ చేయవచ్చా?

జవాబు: చేయవచ్చు, అయితే ఆ తనిఖీ ప్రధాన లక్ష్యం రాయితీ మంజూరు చేసిన శాఖ పనితీరే. భారత కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్) విధులను నిర్దేశించే 1971 నాటి చట్టంలోని 15వ సెక్షన్ ప్రకారం, సంచిత నిధి నుంచి, అంటే ప్రభుత్వ ఆదాయం జమయ్యే ప్రధాన ఖాతా నుంచి, నిర్దిష్ట ప్రయోజనానికి గ్రాంటు ఇచ్చినప్పుడు, దాని షరతులు నెరవేరాయని మంజూరు అధికారి ఏ పద్ధతిలో నిర్ధారించుకున్నారో కాగ్ పరిశీలించాలి. అందుకోసం తగిన ముందస్తు నోటీసుతో గ్రహీత సంస్థ పద్దులను చూసే హక్కు కూడా సాధారణంగా ఉంటుంది.

ఆచరణలో పరిశీలన జిల్లా పరిశ్రమల కేంద్రం ఫైలుతో మొదలై, ఉత్పత్తి ప్రారంభ తేదీ అర్హత గడువులో ఉందా, యంత్రాల బిల్లులకు బ్యాంకు చెల్లింపులు సరిపోతున్నాయా, అదే యంత్రంపై మరో పథకం కింద కూడా రాయితీ పొందారా అనే అంశాల మీదుగా సాగుతుంది. చూపిన ఉద్యోగాల సంఖ్యను భవిష్యనిధి చందాలతో పోల్చడం, నిధులను ఉద్దేశించిన పనికే ఖర్చు చేసినట్లు తెలిపే వినియోగ ధ్రువపత్రాన్ని క్షేత్రస్థాయి తనిఖీ నివేదికతో సరిచూడడం ఇందులో కీలకమైనవి. గడువుకు ముందే మూతపడిన యూనిట్ నుంచి, ఒప్పందంలో నిబంధన ఉన్నా, సొమ్ము తిరిగి రాబట్టకపోతే, ఆడిట్ అభ్యంతరానికి సమాధానం చెప్పవలసింది ఆ శాఖే.