చదువుకుని ఊరికి తిరిగొచ్చే పిల్లలకు

లా, సోషల్ వర్కు చదివి యర్రగొండపాలెం తిరిగొచ్చి జనం కోసం పనిచేస్తామనే పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికొస్తుంటారు. నేనూ గుంటూరులో లా చదివి అలా వచ్చినవాణ్ణే. వాళ్లకు చెప్పేవే ఇక్కడ రాస్తున్నాను.

1. ముందు ఇంట్లో మాట్లాడండి. మిర్చి కోతలకు పోయి తెచ్చిన కూలిడబ్బుతో మిమ్మల్ని చదివించి ఉంటారు. "ఉద్యోగం చూసుకోక ఈ కాగితాలేందిరా" అని అమ్మ అంటే ఆ అడగడం న్యాయమే. మార్కాపురం కోర్టులో ప్రాక్టీసో, ట్యూషన్లో, నెలకింత వచ్చే దారి ఒకటి పెట్టుకోండి.

2. చెంచు గూడేనికి పోయిన మొదటిసారి చట్టం మాట ఎత్తొద్దు, వినండి. పాలుట్ల లాంటి గూడేలు నల్లమల లోపల, పులుల అభయారణ్యంలో ఉన్నాయి. తాతల నాటి నుంచి అక్కడే ఉన్నా చేతిలో కాగితం ఉండదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద వచ్చిన రూల్స్ ఆ సంగతి ఎరిగి రాసినవి. 13వ రూల్ ప్రకారం గూడెం పెద్దలు చెప్పింది రాసుకుంటే అదీ సాక్ష్యమే. పాత బావి, శ్మశానం, దేవుడి చోటు, చేను గట్టు కూడా సాక్ష్యాలే. 2005 డిసెంబరు 13 నాటికి భూమి వాళ్ల చేతిలో ఉందని చూపాలి. అందుకే ముసలివాళ్లను కూర్చోబెట్టి, ఏ చేను ఎవరిదో, ఎప్పట్నుంచి సాగులో ఉందో వాళ్ల మాటల్లోనే రాయండి. రాసింది చదివి వినిపించాకే వేలిముద్ర తీసుకోండి. ఈ భూమి క్లెయిములపై తీర్మానం చేసే గ్రామసభకు సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడోవంతు ఆడవాళ్లుండాలి. అందరూ కూలికి పోయిన రోజు సభ పెడితే కోరం ఉండదు, తీర్మానం నిలవదు.

క్లెయిము తిరస్కరిస్తే కారణం రాసిన కాగితం అడిగి తీసుకోండి. గ్రామసభ తీర్మానాన్ని పరిశీలించే డివిజను కమిటీ నిర్ణయంపై జిల్లా కమిటీకి పోవడానికి 60 రోజులే గడువు. 2019 ఫిబ్రవరిలో, క్లెయిములు తిరస్కరణకు గురైనవాళ్లను ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు ఆదేశించి, ఆ నెలాఖరుకే దాన్ని నిలిపేసింది. ఆ కొద్దిరోజులు దేశంలో లక్షల కుటుంబాలకు నిద్ర లేదు. ఒక్క కాగితం ఎంత పని చేస్తుందో అప్పుడు తెలిసొచ్చింది.

3. సమాచార హక్కు దరఖాస్తుకు మన ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయిలో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు అదీ అక్కర్లేదు. ఎంత చిన్న అర్జీకైనా రసీదు తీసుకోండి.

4. అట్రాసిటీ కేసులో మొదటి రోజే కీలకం. కారంచేడు అప్పట్లో మన ప్రకాశం జిల్లాలోదే. 1985లో అక్కడ దళితుల హత్యాకాండ జరిగినప్పుడు బొజ్జా తారకం గారు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదిలేసి బాధితుల వైపు నిలబడ్డారు. నేను ఊరికి తిరిగి రావడానికి ఆయన ఒక కారణం. ఆ తర్వాత 1989లో వచ్చిన ఎస్సీ, ఎస్టీ చట్టం మీ చేతిలో ఉంది. ఎఫ్ఐఆర్ నమోదుకు ముందస్తు విచారణ అక్కర్లేదని 2018 సవరణ చెప్పింది. ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు డీఎస్పీకి తగ్గని అధికారి చెయ్యాలి. ఈ మూడూ నోటికి వచ్చి ఉండాలి, స్టేషన్లో పుస్తకం తిప్పే తీరిక దొరకదు. సంతకం పెట్టేముందు ఫిర్యాదు బాధితుల చేత చదివించండి, చదవలేకపోతే వినిపించండి. కేసు ఏళ్లు నడుస్తుంది. ఆ ఏళ్లలో సాక్షులకు ఊళ్లో పని ఇవ్వకపోతే వాళ్ల పొయ్యి ఎలా వెలుగుతుందో మొదటి వారమే కూర్చుని ఆలోచించండి. ఇక్కడ తేలిపోయిన కేసులు చాలావరకు పోయింది ఆకలితోనే, చట్టం చాలక కాదు.

5. నిదానం నేర్చుకోండి. వెలిగొండ ప్రాజెక్టుకు మన కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య గారి పేరు పెట్టారు. శంకుస్థాపన 1996లో. కొండల కింద సొరంగాలు తవ్వి కృష్ణా నీళ్లు తేవాలని ఒక తరం అడిగింది, తర్వాతి తరమూ అడగాల్సి వచ్చింది. ఆ నీళ్ల కోసం ఎదురుచూస్తూ ఫ్లోరైడు నీళ్లు తాగి కీళ్లు బిగిసిన ముసలివాళ్లు మన పక్కనే ఉన్నారు.

6. కొన్నాళ్లకు జనం మిమ్మల్ని "సారూ" అని పిలిచి, ఆఫీసుకు మిమ్మల్నే పంపుతారు. ఒప్పుకోవద్దు. వాళ్లను ముందు నిలబెట్టి మీరు వెనక నిలబడండి. తడబడినా వాళ్లే మాట్లాడనివ్వండి.

7. అటవీ పట్టా భార్యాభర్తలిద్దరి పేరనా ఇవ్వాలని చట్టంలోనే ఉంది. ఫారం నింపేటప్పుడు ఆమె పేరు ఆమెనే అడిగి రాసుకోండి. మొగుణ్ణి అడిగితే ఊళ్లో పిలిచే పేరు చెప్తాడు, అది ఆధార్‌తో కలవదు.