పైరు పచ్చగా ఉన్నా గింజలో కాడ్మియం ఉండొచ్చు

పైరు ఏపుగా ఉంటే గింజ కూడా మంచిదేనని అనుకుంటాం. భారలోహాల విషయంలో ఈ లెక్క తప్పుతుంది. జపాన్‌లో జింజు నది నీటితో పండిన బియ్యం తిన్నవారిలో ఎందరికో ఎముకలు గుల్లబారాయి. ఎగువన కమియోకా గని నుంచి నీటిలో కలిసిన కాడ్మియమే కారణమని అక్కడి ప్రభుత్వం 1968లో ప్రకటించింది.

మొక్క ఏం చేస్తుంది?

కాడ్మియం మొక్కకు అక్కర్లేదు. అయినా మాంగనీసు, జింకు వంటి పోషకాలు వెళ్లే దారుల్లోనే వేళ్లలోకి దూరుతుంది. అప్పుడు మొక్క తన జన్యువుల పనిని సర్దుకుంటుంది. ఈ సర్దుబాటులో చిన్న ఆర్‌ఎన్‌ఏలది ముఖ్యపాత్ర.

అదెలాగంటే, ప్రొటీను తయారుకావాలంటే జన్యువు నుంచి సందేశ ఆర్‌ఎన్‌ఏ వెళ్లాలి. 20 నుంచి 24 అక్షరాల పొడవుండే చిన్న ఆర్‌ఎన్‌ఏ తనకు జోడీ కుదిరిన సందేశాన్ని పట్టి తెంపిస్తుంది. తయారీ తగ్గిపోతుంది. కాలువకు తూము ఎలాగో, జన్యువుకు ఇది అలాగన్నమాట.

రెండు ఉదాహరణలు చూద్దాం. ఆవజాతికి చెందిన అరబిడాప్సిస్ మొక్కలో రాగి ఎక్కువైతే మైక్రో ఆర్‌ఎన్‌ఏ-398 తగ్గుతుందని రామాంజులు సుంకర్ బృందం 2006లో తెలిపింది. అది తగ్గగానే కణాలను కాపాడే ఎంజైము పెరుగుతుంది. వరిలో మైక్రో ఆర్‌ఎన్‌ఏ-166ను పెంచితే మొక్క కాడ్మియాన్ని తట్టుకోవడమే కాక, వేళ్ల నుంచి పైకి, గింజలోకి చేరే లోహం కూడా తగ్గిందని చైనా శాస్త్రజ్ఞులు 2018లో ప్రకటించారు. మనకు కావలసింది ఈ రెండో గుణమే. మొక్క తట్టుకుని బతికితే చాలదు, గింజ శుభ్రంగా ఉండాలి.

రైతులు చేయవలసింది

ఇవి పరిశోధనలో తేలిన ఫలితాలు, దుకాణంలో దొరికే విత్తనం కాదు. అందాకా జాగ్రత్త మన చేతుల్లోనే ఉంది.

* ఫ్యాక్టరీ నీరు, నగరాల మురుగునీరు పొలానికి పెట్టవద్దు.
* మామూలు భూసార పరీక్షలో కాడ్మియం చూడరు. అనుమానముంటే ప్రత్యేకంగా అడిగి మట్టినీ, నీటినీ పరీక్ష చేయించాలి.
* ఆమ్ల నేలల్లో పరీక్ష ఫలితాన్ని బట్టి సున్నం వేస్తే పైరు తీసుకునే కాడ్మియం తగ్గుతుంది.
* వరి ఈనే దశలో మడిలో మంచి నీరు నిలిపినా తగ్గుతుంది. అయితే నేలలో ఆర్సెనిక్ ఉంటే ఈ పద్ధతి వద్దు. నీరు నిలిస్తే అది గింజలో పెరుగుతుంది.

కాడ్మియం ఎరువులాగా కరిగిపోయేది, మందులాగా విరిగిపోయేది కాదు. ఒకసారి చేరితే తరాల తరబడి నేలలోనే ఉంటుంది. చేనులోకి రానివ్వకపోవడమే అన్నిటికన్నా చవకైన వైద్యం.