మూడుతో భాగించే ముందు

జన్యుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. జన్యువు పొడవిచ్చి ప్రొటీన్‌లో అమైనో ఆమ్లాలెన్ని అని అడగడమే తరువాయి, మూడు బేస్‌లకో అమైనో ఆమ్లం కదా అని పిల్లలు చటుక్కున మూడుతో భాగించేస్తారు. ఆ పేపర్లు దిద్దీ దిద్దీ నాకు ఒంటబట్టినవి ఇవి.

1. బ్యాక్టీరియాలో ఆ లెక్క నిలబడుతుంది. ఈ.కొలై లాక్‌జెడ్ జన్యువులో 3,075 బేస్‌లు. చివరి మూడూ స్టాప్ కోడాన్, దానికి అమైనో ఆమ్లం రాదు. మిగిలినవి భాగిస్తే 1,024. రైబోజోమ్ అల్లే గొలుసు సరిగ్గా అంతే.

2. మనిషి జన్యువైతే ముందు తీసివేతలు, ఆ తర్వాతే భాగహారం. హిమోగ్లోబిన్ బీటా గొలుసు జన్యువు సుమారు 1,600 బేస్‌లు. నేరుగా భాగిస్తే 530 పైచిలుకు వస్తుంది, సున్నా మార్కులూ వస్తాయి. 130, 850 బేస్‌ల రెండు ఇంట్రాన్లు, అంటే ఎంఆర్‌ఎన్‌ఏ తయారయ్యేలోగా తెగిపోయే ముక్కలు, తీసేయండి. మిగిలిన ఎంఆర్‌ఎన్‌ఏ రెండు కొసల్లో కలిపి 180 దాకా ప్రొటీన్‌కు పనికిరాని బేస్‌లుంటాయి, అవీ పోవాలి. తేలేది 444. స్టాప్ పోను 147 కోడాన్లు. మొదటి మెథియోనిన్‌ను కణమే కోసేస్తుంది కనుక రక్తంలో దొరికే గొలుసు 146.

3. లెక్కలో తీసేశాం గదా అని ఇంట్రాన్‌ను చిన్నచూపు చూడొద్దు. మన దేశపు బీటా థలసీమియాలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే మార్పు ఈ జన్యువు మొదటి ఇంట్రాన్‌లోనే, ఐదో బేస్ దగ్గర: జి ఉండాల్సిన చోట సి. దాంతో ఇంట్రాన్లను కత్తిరించే స్ప్లైసింగ్ గాడి తప్పి గొలుసు తయారీ పడిపోతుంది.

4. జన్యువు పెద్దదైతే ప్రొటీన్ పెద్దదవ్వాలని లేదు. కండరాల ప్రొటీన్ డిస్ట్రోఫిన్ జన్యువు దాదాపు 22 లక్షల బేస్‌లు. దాన్ని ఆ కొస నుంచి ఈ కొస దాకా ఆర్‌ఎన్‌ఏగా రాయడానికే సుమారు 16 గంటలు. తీరా వచ్చే ప్రొటీన్‌లో 3,685 అమైనో ఆమ్లాలు, అంటే అంత పొడవులో పనికొచ్చింది అర శాతం! అదే కండరంలోని టైటిన్ జన్యువు మూడు లక్షల బేస్‌లైనా లేదు. దాని ప్రొటీన్ మాత్రం 34 వేలు దాటుతుంది.

5. జన్యువులో బేస్‌లు ఎంత పోయాయన్నదానికన్నా పోయిన లెక్క మూడుతో తెగిందా లేదా అన్నది చూడండి. డిస్ట్రోఫిన్ కోడింగ్ భాగంలో ఒక్క బేస్ జారినా చదివే వరస చెడి తీవ్రమైన డుషెన్ కండర క్షీణత రావచ్చు. వరస చెడకపోతే తేలికైన బెకర్ రకం క్షీణతతో బయటపడేవాళ్లే ఎక్కువ. కోడింగ్ భాగంలో 46 శాతం లేకుండానే 61వ ఏట కూడా నడుస్తున్న మనిషి గురించి 1990లో ప్రచురించారు. జన్యు చికిత్సకు వాడే ఏఏవీ వైరస్‌లో పట్టేది 4,700 బేస్‌ల లోపు, డిస్ట్రోఫిన్ కోడింగ్ భాగమే 11 వేలు. కుదించిన మైక్రోడిస్ట్రోఫిన్‌కు ధైర్యం అలాంటి రోగుల నుంచే వచ్చింది.